ఓడ ఆగిన ఒక్క పగలు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



గిన్నెలు తోమే తెల్లపొడి మీ అందరికీ తెలిసిందే. ఆ పొడికీ అగ్నిపర్వతానికీ సంబంధం ఉందంటే నవ్వుతారేమో. బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అని ఒక ఊరుంది. మొన్నమొన్నటి దాకా మన కర్నూలు జిల్లాయే, 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది. అక్కడ భూమిలో తెల్లటి మెత్తటి బూడిద పొరగా ఉంది. గిన్నెలు తోమే పొడుల్లో కలపడానికి దాన్ని తవ్వి బండ్లకెత్తేవాళ్ళు. ఆ బూడిద ఎవరి పొయ్యిలోదీ కాదు. డెబ్భై నాలుగు వేల ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు, రెండు వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి మన దగ్గర రాలింది. 2007లో అక్కడ తవ్విచూసిన శాస్త్రజ్ఞులకు బూడిద పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసినప్పటి నుంచీ అగ్నిపర్వతం అనేదాన్ని ఒక్కసారి కళ్ళతో చూడాలన్న కోరిక పట్టుకుంది. మాది నందవరం. ఆదోని, ఎమ్మిగనూరు దాటితే తుంగభద్ర తప్ప పెద్ద నీళ్ళు చూడని ప్రాంతం. జలపాతమంటే మాకు క్యాలెండరు మీద బొమ్మే. అలాంటి నేను ఓడెక్కి, ఒకే పగటిలో అగ్నిపర్వతం నోరూ జలపాతమూ రెండూ చూసొచ్చాను. అది ఎలా జరిగిందో, మీలో ఎవరికైనా అలాంటి అవకాశం వస్తే ఏమేం చూసుకోవాలో చెబుతాను.

మా వదినగారి అబ్బాయికి దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో ఉద్యోగం. అక్కడి నుంచి మారిషస్, రీయూనియన్ దీవులకు వెళ్ళివచ్చే విహారనౌక ఒకదానిలో తల్లికీ మాకూ కలిపి టిక్కెట్లు తీశాడు. "అత్తయ్యా, అమ్మ ఒక్కతే అయితే రాదు, మీరుంటే వస్తుంది" అన్నాడు. మా వదినకు అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఓడంటే ఆమెకు ముందు భయం. ఎక్కాక మాత్రం దిగనంది, అది వేరే సంగతి!

ఓడ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. అది నడిచే హోటలు, అంతే. అసలు విషయం ఓడ రేవులో ఆగినప్పుడు మొదలవుతుంది. పొద్దున్నే ఆగుతుంది, సాయంత్రం వెళ్ళిపోతుంది. ఆ మధ్యలో ఉన్న ఏడెనిమిది గంటల్లో దీవి చూసి రావాలి. దీన్నే ఒడ్డు యాత్ర అనుకోండి. రెండు దారులున్నాయి. ఓడవాళ్ళే బస్సులు పెట్టి తిప్పుతారు, దానికి వేరే డబ్బు. లేదా మనమే రేవు బయట టాక్సీ మాట్లాడుకోవచ్చు. బస్సులో అయితే మనిషికింత లెక్క. టాక్సీ అయితే కారు మొత్తానికి ఒక రేటు కాబట్టి నలుగురుంటే కలిసొస్తుంది. కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఓడవాళ్ళ బస్సు దారిలో చెడిపోయి ఆలస్యమైతే ఓడ వాళ్ళ కోసం ఆగుతుంది. మనంతట మనం పోయి ఆలస్యమైతే ఆగదు. మన పెట్టెబేడా తీసుకుని వెళ్ళిపోతుంది, మనం రేవు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాలి.

మేం టాక్సీయే మాట్లాడుకున్నాం. కారణం మా వదిన. ఓడవాళ్ళు ఇచ్చిన జాబితాలో 'అగ్నిపర్వతాలు, జలపాతాలు' అనే యాత్ర ఉంది. అందులో ఆప్రవాసీ ఘాట్ లేదు. వాళ్ళ అబ్బాయి ఎప్పుడో చెప్పాడట, మనవాళ్ళు కూలీలుగా దిగింది అక్కడేనని. "మన జనం దిగిన మెట్లు సూడకుండా, ఏందో నీళ్ళు దూకేది సూసొస్తే ఏం బాగుంటాదే?" అంది. మావారికి ఆ మాట నచ్చింది.

ఆప్రవాసీ ఘాట్ పోర్ట్ లూయీ రేవుకు దగ్గర్లోనే ఉంది. బానిసత్వం రద్దయ్యే రోజుల్లో చెరుకు తోటల యజమానులకు పనివాళ్ళు కావలసివచ్చి మన దేశం నుంచి ఒప్పందపు కూలీలను తెప్పించారు. 1834 నవంబరు 2వ తేదీన మొదటి జట్టు దిగింది. ఈ ఘాట్ కట్టింది 1849లో. 1920 వరకూ చూసుకుంటే దాదాపు అయిదు లక్షల మంది. మన కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళను అక్కడ 'కొరింగీ'లు అనేవారు. ఘాట్ దగ్గర పదహారు రాతి మెట్లున్నాయి. వచ్చిన ప్రతి మనిషీ ఆ మెట్లెక్కే పైకి వెళ్ళాలి. 2006లో యునెస్కోవాళ్ళు దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

ఆ మెట్లు నల్లగా ఉన్నాయి. నల్లరాయి కదా అని ఊరుకున్నాను. ఆ నలుపు సంగతి మధ్యాహ్నానికి అర్థమైంది.

మా టాక్సీ డ్రైవరు నడివయసు మనిషి. ఇంగ్లీషు కొంచెం, వాళ్ళ క్రియోల్ భాష ఎక్కువ. మేం తెలుగువాళ్ళమని తెలియగానే తనూ తెలుగువాడినే అన్నాడు. మాట్లాడలేడు, కానీ "అమ్మా", "నీళ్ళు", "ఉగాది" వంటి మాటలు వచ్చు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినమని మీకు తెలుసా? అక్కడి తెలుగువాళ్ళు 1947లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనం ఇప్పటికీ ఉన్నాయి. "మీది ఏ ఊరు?" అని మా వదిన అడిగింది. తాతల నాటి ఊరు పేరు అతనికి తెలియదు. "కోరంగి" అన్నాడు. అది ఓడెక్కిన రేవే గాని ఊరు కాదు కదా. మా వదిన ఇంకేం అడగలేదు.

ఘాట్ నుంచి కారు గుట్టల మీదికి బయలుదేరింది. గంటలోపలే క్యూర్‌పిప్ అనే ఊరు. రేవులో ఉక్కబోత, ఇక్కడ మంచు, చలి. పలచటి చీర కట్టుకున్న నేను వణికాను. కాబట్టి ఒక శాలువా తప్పనిసరిగా పెట్టుకోండి. ఆ ఊళ్ళో ఇళ్ళ మధ్యన, మన ఊళ్ళో చెరువుగట్టు ఎక్కినట్టు ఒక గట్టెక్కితే, అదే అగ్నిపర్వతం నోరు. ట్రూ ఓ సెర్ అంటారు. జింకల గుంట అని అర్థం. చుట్టూ నడవడానికి రోడ్డు, బెంచీలు. పొద్దున్నే ముసలివాళ్ళు నడకకు వస్తారట! గుంట అడ్డంగా మూడు వందల మీటర్లకు పైనే, లోతు దాదాపు ఎనభై మీటర్లు. లోపల దట్టంగా చెట్లు, అడుగున కాసిని నీళ్ళు.

నిజం చెప్పొద్దూ, నాకు నిరాశే కలిగింది. పొగలు, మంటలు ఉంటాయనుకున్నాను. మావారు "ఇది మన గండి బావి కంటే పెద్దది, అంతేగా" అన్నారు. ఆ గుంట ఎలా వచ్చిందో తెలిస్తే గాని దాని గొప్ప తెలియదు. అందుకని కొంచెం వివరంగా చెబుతాను. వంటిల్లు తెలిసినవాళ్ళకు ఇది కష్టమేం కాదు.

భూమి లోపల ఒకచోట పొయ్యి మంట ఉందనుకోండి. ఆ మంట కదలదు. దాని పైన ఉన్న నేల అట్లపెనం లాంటిది, అది కదులుతూ ఉంటుంది. ఏడాదికి మన గోరు పెరిగినంత. పెనం జరిగే కొద్దీ కొత్త కొత్త చోట్ల మాడు మచ్చలు పడతాయి. ఆ మచ్చలు వరుసగా ఉంటాయి గదా! అలాగే ఆరుకోట్ల అరవై లక్షల ఏళ్ళ కిందట ఆ మంట మీదికి మన దక్కను నేల వచ్చింది. అప్పుడు పొంగిన లావాయే ఇవాళ మహారాష్ట్రలో చాలా భాగం, మన తెలంగాణలో ఆదిలాబాదు, వికారాబాదు, జహీరాబాదు వైపు పరుచుకున్న నల్లరాయి. ఆ తర్వాత పెనం జరిగింది. లక్షదీవులు, మాల్దీవులు, ఛాగోస్ ఒక్కొక్కటే మచ్చలుగా పడ్డాయి. మధ్యలో సముద్రం అడుగున పెనం చీలి రెండు ముక్కలైంది, ఆ కథ పొడవు. తర్వాత దాదాపు ఎనభై లక్షల ఏళ్ళ కిందట మారిషస్ నీళ్ళలోంచి తలెత్తింది. చివరి మచ్చ రీయూనియన్. ప్రస్తుతం మంట దాని కిందే ఉంది, అందుకే అక్కడ ఇంకా పొంగుతోంది. మారిషస్ కింద నుంచి మంట తప్పుకుంది కాబట్టి అక్కడ చెట్లు మొలిచి, బెంచీలు వేశారు.

అంటే మన జహీరాబాదు రాయీ, ఆ దీవి రాయీ ఒకే పొయ్యి మీద ఉడికినవే. గోదావరి జిల్లాల సోదరీమణులు మాకేం లేదా అనుకోకండి. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో, గోదావరికి ఇవతల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరుల్లో రోడ్లకు కొట్టే నల్లకంకర కూడా అదే లావా. పడమటి కనుమల వైపు పుట్టి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడికి వచ్చిందని శాస్త్రజ్ఞులు అంటారు. ఇంత దూరం పారిన లావా ప్రపంచంలోనే అరుదట.

రాయి అంత దూరం ఎలా పారుతుంది? పాకాన్ని బట్టి. లేత పాకం పళ్ళెంలో పోస్తే అంచుల దాకా పరుచుకుంటుంది. ముదురు పాకం పోసినచోటే ముద్దగా నిలుస్తుంది. ఈ లావా లేత పాకం. అందుకే పేలడం తక్కువ, పారడం ఎక్కువ. పొర మీద పొర, అట్టు మీద అట్టులా పేరుకుంటుంది. టోబాది ముదురు పాకం. లోపల ఆవిరి బయటికి పోలేక కుక్కరు పేలినట్టు పేలింది, బూడిద మన జ్వాలాపురం దాకా వచ్చింది.

ఇక మా ఆదోని కొండల సంగతి. ఆదోని కోట ఉన్న ఆ గుండ్లు కూడా ఒకప్పుడు కరిగిన రాయే. కానీ అది పైకి పొంగలేదు, భూమి లోపలే నిదానంగా చల్లారింది. పటికబెల్లం ఎలా చేస్తారు? పాకాన్ని కదపకుండా రోజులకొద్దీ వదిలితే పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. అదే గబగబా చల్లార్చి గిలకొడితే సన్నటి పొడి అవుతుంది. ఆదోని గ్రానైటు పటికబెల్లం రకం. పలుకులు కంటికి కనిపిస్తాయి, గులాబీ, తెలుపు, నలుపు. మారిషస్ రాయి గాలి తగిలి త్వరగా చల్లారింది కాబట్టి నున్నగా, నల్లగా, పలుకు కనిపించకుండా ఉంటుంది. ఘాట్ మెట్ల నలుపు అదే. వయసులో మాత్రం మనదే పెద్ద. ఆదోని రాయి వయసు కోట్లలో వందల మాట, వాళ్ళ రాయి మనవరాలి కంటే చిన్నది.

మన దగ్గర అసలు అగ్నిపర్వతమే లేదనుకోవడం కూడా పొరపాటే. అనంతపురం జిల్లా వజ్రకరూరులో భూమి లోతుల్లోంచి పైకి చిమ్మిన గొట్టాలున్నాయి. అవి నూరు కోట్ల ఏళ్ళకు పైబడినవి. వజ్రాలు పైకి తెచ్చేవి అలాంటి గొట్టాలే. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతకడం మీరు పత్రికల్లో చూసే ఉంటారు.

సరే, కారెక్కుదాం. అక్కడి నుంచి గంగా తలావ్. ఇది కూడా అగ్నిపర్వతం నోరే, నిండా నీళ్ళు నిలిచాయి. సముద్రమట్టానికి అయిదారు వందల మీటర్ల ఎత్తున ఉంది. శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ జనం నడిచి వస్తారు. 1972లో గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. దారిలో నిలువెత్తు శివుడు, నూట ఎనిమిది అడుగులు. మా వదిన అక్కడ కూర్చుంటే లేవలేదు. అరగంట అనుకున్నది గంటయింది. ఆమెను తొందరపెట్టడం నా వల్ల కాలేదు.

తర్వాత దారి అంతా చెరుకు. చెరుకు మధ్యలో అక్కడక్కడా నల్లరాళ్ళ గుట్టలు, మనిషెత్తు, కొన్ని ఇంటంత. గుడి గోపురాల్లా పేర్చినవి కూడా ఉన్నాయి. "ఇవేమిటి, దేవుళ్ళా?" అని అడిగాను. డ్రైవరు చెయ్యి ఎత్తి చూపించాడు. కూలీలు చేతులతో ఏరి వేసినవి. లావా చల్లారిన నేల కదా, అడుగు తవ్వితే రాయి. ఆ రాళ్ళన్నీ ఏరితే గాని చెరుకు నాటడానికి మన్ను దొరకదు. మా నందవరం పొలాల్లో కూడా గట్ల మీద ఏరిన రాళ్ళు కుప్పలుగా ఉంటాయి. మా నాన్న ఏరినవి నాకు గుర్తు. కాని ఒక దీవి దీవంతా ఏరడం! మా పక్క మండలాల జనం ఇప్పటికీ ప్రతి ఏడాదీ పంటలు లేని నెలల్లో ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు, బెంగుళూరుకు కట్టడం పనులకు పోతారు. వాళ్ళు ఉగాదికి తిరిగొస్తారు. ఈ రాళ్ళు ఏరినవాళ్ళలో ఎందరో తిరిగిరాలేదు. మా వదిన కారు అద్దం దించి చాలాసేపు ఆ గుట్టలనే చూసింది.

షామరెల్ చేరేసరికి సన్నగా వాన. అక్కడి జలపాతం దాదాపు వంద మీటర్ల ఎత్తు నుంచి ఒకే ధారగా పడుతుంది. దాని చుట్టూ గుండ్రటి గోడ, ఆ గోడలో అట్లు పేర్చినట్టు లావా పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. నాకు పొద్దున గుంట దగ్గర కలగని ఆనందం ఇక్కడ కలిగింది. జలపాతం ఎందుకు పుడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. గట్టి లావా పొర కింద మెత్తటి పొర ఉంటే, నీళ్ళు మెత్తటిదాన్ని ముందు తినేస్తాయి. కింద ఖాళీ అయ్యేసరికి పైనున్న గట్టి పొర అంచు విరిగిపడుతుంది. మళ్ళీ తింటుంది, మళ్ళీ విరుగుతుంది. అలా జలపాతం ఏళ్ళ తరబడి వెనక్కి నడుస్తూ పోతుంది. మన చెరువు మరవ దగ్గర మట్టి కోసుకుపోవడం చూశారు కదా, అదే పెద్ద ఎత్తున.

దీవికి దక్షిణాన రోచెస్టర్ అనే చిన్న జలపాతం ఉంది. మాకు చూసే వేళ లేదు. అక్కడ రాళ్ళు స్తంభాల్లా నిలువుగా చీలి ఉంటాయి. ఎవరో చెక్కినట్టుంటాయి గాని చెక్కలేదు. వేసవిలో మా నల్లరేగడి నేల ఎండి నెర్రెలిచ్చినప్పుడు పలకలు పలకలుగా, అయిదారు మూలలతో చీలుతుంది చూడండి, లావా చల్లారేటప్పుడు కూడా సరిగ్గా అలాగే బిగుసుకుని చీలుతుంది. ఆ చీలికలు లోపలికి దిగి స్తంభాలవుతాయి.

జలపాతాన్ని చూడటానికి గట్టు మీద కటకటాలు కట్టారు. అక్కడి నుంచే చూడండి. కింది మడుగులోకి దిగడానికి కొందరు ఉత్సాహపడతారు. పైన ఎక్కడో వాన పడితే కింద నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి, పైగా నాచు. పిల్లలున్నవాళ్ళు మరీ జాగ్రత్త. నవంబరు నుంచి ఏప్రిలు దాకా అక్కడ తుపానుల కాలం. విహారనౌకలు ఎక్కువ తిరిగేదీ దాదాపు ఆ నెలల్లోనే. కాబట్టి గొడుగు కంటే వానకోటు నయం, గాలికి గొడుగు తిరగబడుతుంది. చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్నవి, అడుగున గరుకుగా ఉన్నవి వేసుకోండి.

జలపాతానికి దగ్గర్లోనే ఏడురంగుల నేల. ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు, నీలి ఛాయలు, చిన్న చిన్న మట్టి దిబ్బలు, పట్టుచీరలు పరిచి ఆరబెట్టినట్టు. గడ్డిపోచ మొలవదు. దీనికీ కారణం లావాయే. వేల ఏళ్ళ వాన ఆ రాతిలో కరిగేవన్నీ కడిగేసింది. డికాషను దిగిపోయాక ఫిల్టరులో పిప్పి మిగిలినట్టు, కరగని ఇనుము, అల్యూమినియం తుప్పులు మిగిలాయి. ఇనుము ఎక్కువున్నచోట ఎరుపు, అల్యూమినియం ఉన్నచోట నీలి, ఊదా. జహీరాబాదు ఎర్రమట్టి కూడా ఇదే తంతు, మన దగ్గర ఒక్క ఎరుపే మిగిలింది. లోపల నడవనివ్వరు, కంచె బయటి నుంచే చూడాలి. పెద్ద పెద్ద తాబేళ్ళు ఉన్నాయి, పిల్లలకు అవే ఎక్కువ నచ్చుతాయి. మా వదిన గాజు గొట్టంలో రంగుల మట్టి పొరలుగా పోసినది ఒకటి కొనుక్కుంది.

ఇక్కడే మా గుండె జారిన సంగతి చెప్పాలి. సాయంత్రం అయిదింటికల్లా ఓడలో ఉండాలి, ఆరింటికి ఓడ కదులుతుంది. మావారు గడియారం చూసి "రెండే అయింది, ఇంకా కాసేపు చూద్దాం" అన్నారు. నేను కాఫీకి కూడా కూర్చున్నాను. డ్రైవరు వచ్చి "అమ్మా, త్రీ ఓ క్లాక్" అన్నాడు. మావారు గడియారం చూపించి కాదన్నారు. అతను తన ఫోను చూపించాడు. మూడు.

జరిగిందేమంటే, డర్బన్ గడియారానికీ మారిషస్ గడియారానికీ రెండు గంటల తేడా. ఓడ తూర్పుకు పోయే కొద్దీ రాత్రిళ్ళు "గడియారాలు గంట ముందుకు తిప్పుకోండి" అని చెబుతారు. మొదటిసారి మావారు తిప్పుకున్నారు. రెండోసారి చెప్పిన రాత్రి మేం నిద్రపోయాం. ఫోనులైతే వాటంతటవే మారతాయంటారు. కాని పరాయి దేశంలో బిల్లు భయానికి మేం ఫోనులు ఓడ ఎక్కగానే కట్టేశాం. పొద్దున్నుంచీ మేం ఒక గంట వెనక బతుకుతున్నామన్నమాట. పొద్దున ఘాట్ తలుపులు మాకోసం త్వరగా తెరిచారని కూడా అనుకున్నాను!

షామరెల్ నుంచి పోర్ట్ లూయీకి గంటంపావు, సాయంత్రం రద్దీ అయితే ఇంకా ఎక్కువ. కొండ దిగే దారి అంతా మెలికలు. మా వదినకు వాంతి వచ్చింది, అయినా ఆపమనలేదు, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుడివైపో ఎడమవైపో లె మోర్న్ కొండ కనిపించింది. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది, 2008లో దాన్ని కూడా వారసత్వ స్థలం చేశారు. తీరిగ్గా చూడవలసినది. నేను చూడలేదు, గడియారం చూశాను. ఊరి మొగలో బండ్లు బారులు తీరి నిలబడ్డాయి. మావారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన మౌనం నాకు తెలుసు, తప్పు తనదేనని. నేను కూడా ఏమీ అనలేదు, అప్పటికి.

ఓడ నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి అయిదుకు పది నిమిషాలు. డ్రైవరు తనే మా వదినను చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి "సల్లంగుండు నాయనా" అంది. అర్థమయిందో లేదో, వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

కాబట్టి ఒడ్డు దిగేవాళ్ళకు నా అనుభవం మీద చెప్పేది ఇది. దిగే ముందు ఓడ గోడ గడియారానికి మీ గడియారం సరిచేసుకోండి. ఎన్నింటికి ఓడ కదులుతుందో కాదు, ఎన్నింటికి లోపలికి రమ్మన్నారో రాసుకోండి. దూరంగా ఉన్నది ముందు చూసి, రేవుకు దగ్గర్లోది ఆఖరున పెట్టుకోండి. మేం తిరగేసి చేశాం. పాస్‌పోర్టు నకలు, ఓడవాళ్ళు ఇచ్చిన కార్డు, రేవు ఏజెంటు ఫోను నంబరు చేతిసంచిలో ఉండాలి. రోజూ వేసుకునే మందులు పెట్టెలో వదలకండి, ఓడ పోతే మందులూ పోతాయి. టాక్సీ మాట్లాడేటప్పుడు ఎన్ని గంటలు, ఎన్ని చోట్లు, లోపలి టిక్కెట్లు అందులో కలిశాయా లేదా అని మూడూ అడగండి. ఓడలోంచి పళ్ళు, వండినవి ఒడ్డుకు తేనివ్వరు. బిస్కెట్లు పొట్లం విప్పకుండా ఉంటే ఫరవాలేదు.

మర్నాడు రీయూనియన్. అది ఫ్రాన్సు దేశంలో భాగం, వీసా నిబంధనలు వేరు, టిక్కెట్టు కొనేముందే కనుక్కోవాలి. మేం ఈసారి బుద్ధిగా ఓడవాళ్ళ బస్సే ఎక్కాం. అక్కడి అగ్నిపర్వతం పేరు పిటోన్ ద లా ఫుర్నేజ్, అంటే కొలిమి శిఖరం. రెండువేల ఆరువందల మీటర్ల పైచిలుకు ఎత్తు. దాని మీదికి వెళ్ళాలంటే చాలా నడవాలి, మా వల్ల కాదు. బస్సు తూర్పు తీరం వెంట సలాజీ లోయకు తీసుకెళ్ళింది. ఆ లోయలో ఎటు చూసినా కొండ మీంచి తెల్లటి దారాలు వేలాడుతున్నట్టు జలపాతాలు. అందులో ఒకదాన్ని పెళ్ళికూతురి మేలిముసుగు అంటారు. మా ఎమ్మిగనూరు మగ్గాల మీద పడుగు పరిచినట్టుంది నా కంటికి. అన్ని నీళ్ళు ఎక్కడివంటారా? 1966 జనవరిలో ఆ దీవి కొండల మీద, ఫోక్-ఫోక్ అనేచోట ఒక్క రోజులో 1825 మిల్లీమీటర్ల వాన పడింది. మా నందవరం వైపు ఏడాది మొత్తానికి ఆరువందలు పడితే పండుగ. అంటే మాకు మూడేళ్ళకు పడేది వాళ్ళకు ఒక్క రోజులో. విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిందనే చెప్పాలి!

తర్వాత సెంట్ రోజ్ అనే ఊళ్ళో ఒక చర్చి. 1977లో లావా ఊరి మీదికి వచ్చింది. ఇళ్ళు కాలిపోయాయి. చర్చి గుమ్మం దాకా వచ్చి, గడప దాటి కొంచెం లోపలికి పోయి, అక్కడ ఆగి రెండు పక్కలకూ చీలి సముద్రం వైపు పోయింది. గోడలు నిలబడ్డాయి. ఇప్పటికీ గోడ పక్కన గడ్డకట్టిన నల్లలావా మడతలు మడతలుగా, చల్లారిన సంగటి మీద తొరక ముడుచుకున్నట్టు ఉంది. నేను చెయ్యి పెట్టి చూశాను. మామూలు రాయే, ఎండకు వేడెక్కి ఉంది. మా వదిన దాన్నీ కళ్ళకద్దుకుంది.

ఇంటికొచ్చి చాలా రోజులైంది. గాజు గొట్టం మా టీవీ మీద ఉంది. ఆ మట్టి కలిపేసినా మళ్ళీ రంగులు వేటికవే వేరవుతాయని అమ్మినవాళ్ళు చెప్పారు. మా వదిన ఆ మాట పరీక్షించి చూడాలని ఒకనాడు గట్టిగా ఊపేసింది. రంగులన్నీ కలిసి ఇటుకపొడి అయింది. ఎరుపు కొంచెం అడుగుకు దిగుతోందని ఆమె రోజూ అంటుంది. నాకూ దిగినట్టే ఉంది. మావారికి మాత్రం ఏమీ కనిపించడం లేదట. ఆయన గడియారం కూడా అలాగే చూశారు కదా అని, ఆ మాట ఇప్పుడన్నాను.